నాచు వైపు పైకి

రోడ్డు నుంచి నూట యాభై అడుగులు,
వాగు నుంచి రెండొందలు,
ఒకేచోట పద్నాలుగు రాత్రులకు మించకూడదు.
మనోంగహేలా అడవిలో
నా ఉద్యోగమంతా ఈ మూడు అంకెలే.
మిగతాది నడక.

ఇక్కడ గేటు లేదు, టికెట్టు లేదు,
కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు.
ఎవరైనా వచ్చి ఎక్కడైనా పడుకోవచ్చు.
శుక్రవారం సాయంత్రం పట్నం పిల్లలు వస్తారు,
రాళ్లు పేర్చి రాజుల్లా మంట వేస్తారు,
ఆదివారం ఆ కోటని నాకు అప్పగించి పోతారు:
సగం కాలిన బీరు డబ్బాలు,
ఒక్కోసారి ఒంటి సాక్సు.
నేను మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు పోసి
బూడిద కలుపుతాను.
అరచేతిని నమ్మను, అది ఎప్పుడో మొద్దుబారింది.
చేతి వెనకవైపు ఆనిస్తాను,
జ్వరం చూసినట్టు.
చల్లగా ఉంటేనే లేస్తాను.

ఓర్విల్ టీటర్‌ని మొదట చూసింది
విలియమ్స్ నది ఒడ్డున, ఏప్రిల్లో,
అడవి ఉల్లి మొలిచే రోజుల్లో.
ఆకుపచ్చ టార్పాలిన్, ఒక లాంతరు,
పిడి విరిగిన ఇనప పెనం,
ఎలుగుబంటికి అందకుండా కొమ్మకి వేలాడే తిండి సంచి.
ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేసిన మనిషి.
మాటకీ మాటకీ మధ్య
మెట్లెక్కుతూ ఆగినట్టు ఆగేవాడు.
"సెలవు మీద వచ్చారా?" అన్నాను,
అడగాల్సిన ప్రశ్న అదే కాబట్టి.
నా చొక్కా మీది పేరు కూడబలుక్కుని చదివి
"అలాగే రాసుకో, డెల్ఫా," అన్నాడు.
"పెద్ద సెలవు."
బంగాళాదుంపల్లో ఉల్లి వేయించి పెట్టాడు.
మూడు రోజులు నా ట్రక్కు నిండా అదే వాసన,
మా ఆయన చలిలో అద్దాలు దించి నడిపాడు.

పద్నాలుగు రాత్రులయ్యాక వెళ్తే లేడు.
కొండకి అవతలివైపు ఉన్నాడు.
మళ్లీ పద్నాలుగు. మళ్లీ ఇంకో లోయ.
గోడ మీది పటంలో పెన్సిలుతో చుక్కలు పెడుతూ పోయాను,
వేసవి దాటేసరికి
గీతలు కలపడం మరిచిన ముగ్గులా అయింది.

అతను వదిలిన చోటు పట్టుకోవడం కష్టం.
గడ్డి కాస్త వాలి ఉండేది, అంతే.
జింక పడుకున్నా అంతే వాలుతుంది.
పొయ్యి రాళ్లు ఎక్కడివక్కడ.
"నలుపు నేలకి, నాచు ఆకాశానికి,"
అని చెప్పాడొకసారి, నవ్వకుండా.
"రాయికి తన వైపు తెలుసు. మనమే తిప్పేస్తాం."

నవంబరులో మంచు తొందరపడింది.
స్ప్రూస్ చెట్లు చేతులు దించేసుకున్నాయి.
అప్పటికి అతను ఒకేచోట పద్దెనిమిది రాత్రులు.
నోటీసు నా జేబులో ఉంది.
టార్పాలిన్ కింద దగ్గు,
తడి దుంగని మొండి రంపంతో కోస్తున్నట్టు.
"రిచ్‌వుడ్‌లో మా చర్చి వాళ్లు గది ఇస్తారు," అన్నాను.
"కప్పు కింద పడుకుంటే," అని ఆగి,
ఊపిరి అందాక, "గనిలో ఉన్నట్టే.
ఈ టార్పాలిన్ కూడా
వాన కోసం ఒప్పుకున్నాను."

రిజిస్టరులో ఆ సాయంత్రం రాశాను: తొమ్మిది రాత్రులు.
ఇరవై రెండేళ్ల సర్వీసులో
నా చేతిరాత వణికింది అప్పుడే.
చలి, అనుకున్నాను.

తర్వాతి వారం చోటు ఖాళీ.
అడుగులు రోడ్డు వైపు వెళ్లాయో నది వైపో,
మధ్యలో మళ్లీ కురిసింది.

ఉల్లి మొలిచింది. అతను రాలేదు.
ఆస్పత్రులకి ఫోన్ చేద్దామంటే
మీకేమవుతాడని అడుగుతారు.
ఆ ప్రశ్నకి నా ఫారాల్లో గడి లేదు.

ఆ చివరి చోటికి వెళ్లాను.
అక్కడ రాళ్లు చాలా ఉన్నాయి, అడవి కదా.
ఒకటి తిరగేశాను: వానపాము.
ఇంకొకటి: తెల్లని వేళ్లు, తడి మట్టి.
ఏడోదో ఎనిమిదోదో,
దాని కడుపున నలుపు.
వేలికి అంటింది.

చేతి వెనకవైపు ఆనించాను,
ఎందుకో.
చల్లగా ఉంది. ఉండాల్సినంత.

మళ్లీ అలాగే బోర్లించి
రిజిస్టరు తెరిచి రాశాను:
ఇక్కడ ఎవరూ బస చేసిన గుర్తులు లేవు.